చుక్కల మాస్టారు వేసిన బొమ్మ

ప్రెస్సులో కంప్యూటర్ ముందు కూర్చునే ఆయన్ని అందరూ చుక్కల మాస్టారు అనేవాళ్లు. పాఠం చెప్పింది ఏనాడూ లేదు గానీ చుక్కల పిచ్చి మాత్రం ముదిరిపోయింది. అక్కడి ప్రింటరుకు తెలిసింది నలుపొక్కటే. బూడిదరంగు కావాలంటే నల్లచుక్కల్ని ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా చల్లి కంటిని నమ్మించాలి. ఏ చుక్క ఎక్కడ పడాలో తేల్చే లెక్క కోసం ఎనిమిది నెలలు నోటుపుస్తకాలు నింపాడు. చివరికి దొరికింది. ఒకచోట చుక్క పెడితే నలుపు కాస్త ఎక్కువైపోతుంది కదా, ఆ ఎక్కువను పక్కచోట, కిందచోట తగ్గించుకుంటూ పోవడమే. ఇక ఆయనకు పట్టపగ్గాల్లేవు.

సరిగ్గా ఆ వారమే ఆయన అత్తగారు తప్పిపోయింది. ఆవిడకు మతిమరుపు, గుమ్మం దాటితే ఇల్లు గుర్తుండదు.

"అమ్మ ఫొటో వేసి ఊరంతా అంటిద్దామండీ," అని భార్య ఏడ్చింది.

మాస్టారు ముందు పాత పద్ధతిలో, ముదురుగా ఉన్నచోట నలుపు, మిగతాచోట తెలుపు అన్నట్టు, ఒకటి తీశాడు. ముఖమంతా సున్నం కొట్టినట్టు తెల్లగా, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ మాత్రం నల్లగా వచ్చింది. "ఛీ, ఇదేం బొమ్మ!" అని ఉండచుట్టి పారేశాడు. తన పద్ధతిలో తీస్తే కళ్ల కింద నీడతో సహా అచ్చం ఆవిడే. కాకపోతే బుగ్గనిండా చుక్కలే కదా, మచ్చ వాటిలో కలిసిపోయింది. అది ఆయన చూశాడు. చూసి కూడా, బొమ్మ ఇంత బాగా వచ్చాక మచ్చ ఎవరిక్కావాలిలే అనుకుని దాన్నే ఊరంతా అంటించాడు. ఏం మనిషండీ! బుగ్గన మచ్చ ఉందని కింద ఒక్క ముక్క రాస్తే చెయ్యి అరిగిపోయేదా?

నాలుగో రోజు మొగుడూ పెళ్లాం బస్టాండుకు వెళ్లి కాగితం చూపించి, బుగ్గన మచ్చ కూడా ఉంటుందని భార్య చెప్పగానే టీకొట్టు ఆవిడ నోరు నొక్కుకుంది.

"అయ్యో, ఈవిడేనా? రెండ్రోజులు ఈ బెంచీ మీదే కూర్చుందమ్మా. నేనే టీ ఇచ్చా. పోలిక ఉందనుకున్నా గానీ ఆవిడకి బుగ్గ మీద ఇంత మచ్చ, బొమ్మలో లేదాయె. వేరే ఎవరోలే అని ఊరుకున్నా. నిన్న పొద్దున ఏదో బస్సెక్కేసింది."

"ఏ బస్సు?"

"చూళ్లేదమ్మా."

అది ఏ బస్సో పదకొండేళ్లయినా తెలియలేదు. వెతకని ఊరు లేదు. మాస్టారు ఇవాళ్టికీ కుమిలిపోతూనే ఉన్నాడు, అయితే అత్తగారి కోసం మాత్రమే కాదు.

ఆ రోజు బస్టాండు నుంచి ఇంటికి నడిచి వస్తూ ఆయన ఏడ్చేశాడు. భార్యే ఓదార్చింది.

"మీరేం చేస్తారండీ? తిండి మానేసి మరీ కష్టపడ్డారు. ఆ పాడు మిషన్‌లో మచ్చ పడలేదు, అంతే."

నిజం నోటిదాకా వచ్చింది.

"అవును, మిషనే," అన్నాడు మాస్టారు.

ఆవిడ తన కళ్లు వదిలేసి ఆయన కళ్లు తుడిచింది.