డూప్లికేట్లు కాని పదకొండు మంది

నాకు శుభ్రం పిచ్చి. ఇంట్లో పోపుల డబ్బా దగ్గర్నుంచి ఆఫీసులో ఎక్సెల్ షీటు దాకా ఏదీ రెండుసార్లు కనపడకూడదు. ఆ పిచ్చే ఒకసారి నా కొంప ముంచింది.

అప్పుడు మా టీము హైటెక్ సిటీలో పదో అంతస్తులో కూర్చుని, రెండు వందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లండు దొర ఎస్టేటు కాగితాలను కంప్యూటరుకెక్కిస్తోంది. ఆ దొరకు మేనమామ చచ్చిపోతే ఎక్కడో దీవిలో చెరకు తోట కలిసొచ్చింది. తోటతో పాటు అప్పులూ వచ్చాయి, బానిసలూ వచ్చారు. మహానుభావుడు ఒక్కసారైనా అక్కడ కాలు పెట్టలేదు. అప్పులవాళ్ళకు చూపించడానికి జాబితా మాత్రం రాయించాడు. ముందు మనుషులు, ఆ కిందే ఎడ్లు, గాడిదలు. చదువుతుంటే ఒళ్ళు మండిపోయేది.

ఆ జాబితాలో ఒకే ఆడపేరు పదకొండుసార్లు ఉంది. నేను డూప్లికేట్లు తీసేసే మీట నొక్కి, పది వరుసలు ఎగరగొట్టి, పొద్దున్నే ఫైలు క్లయింటుకు పంపేశాను. మేనేజరుగారు "సూపరండీ, ఒక్క తప్పూ లేదు" అని గ్రూపులో మెచ్చుకున్నారు. నన్ను టీము లీడు చేసేదీ లేనిదీ ఆ వారమే నిర్ణయిస్తారు. ఇంకేం, నేను నేల మీద లేను.

పక్క సీటు పిల్లది నల్లగండ్ల. అపార్టుమెంట్లు రాకముందు నుంచీ వాళ్ళది ఆ ఊరే. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, పాత కాగితాన్నీ నా ఫైలునూ పక్కపక్కన పెట్టి చూసింది.

"అక్కా, గిదేంది? గీ పేరు పదకొండుసార్లున్నది. నువ్వు ఒక్కదాన్నే ఉంచినవ్?"

"అంతా ఒకటే పేరు కదా తల్లీ, డూప్లికేట్లు."

"మస్తు చెప్పినవ్ తియ్! మా ఇంట్ల మా తాత పేరు నలుగురికున్నది. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు, దవాఖానల పుట్టినోడు. నలుగురిని కలిపి ఒక్కన్ని చేస్తవా?"

నవ్వబోయి ఆగిపోయాను. కాగితంలో ఆ పేర్ల పక్కన చిన్న అక్షరాలతో ఏదో ఉంది. ముసలామె. వంటామె. పొడుగామె. కుంటుతుంది. చంటిది. పనికిరాని కాలమ్ అని దాన్నీ నేనే తీసేశాను. ఆ దొర కనీసం పదకొండు మందని రాయించాడు, నేను అదీ ఉంచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు చెప్పకుంటే ఎవ్వరికి తెల్వది. ఇగ నీ ఇష్టం," అంది.

మేనేజరుగారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తల పట్టుకున్నారు.

"పంపిన ఫైలు వెనక్కి తీసుకుంటే మీ లీడు సంగతి మళ్ళీ ఆర్నెల్లకేనండీ."

"ఆర్నెల్లకే కానివ్వండి. పది మందిని మాయం చేసి లీడునవుతానా?"

నేనూ పక్క సీటు పిల్లా కూర్చుని ఒక్కొక్కరినే మళ్ళీ ఎక్కించాం. ప్రతి పేరుకూ 'డూప్లికేటా?' అని తెర అడుగుతుంది. 'వేరే మనిషి' అని నేను నొక్కుతాను. పెళ్ళికొచ్చిన చుట్టాలను చూసినట్టు ఆ పిల్ల పక్కనుంచి "వంటామె వచ్చె! పొడుగామె వచ్చె!" అని ఒకటే కేకలు. ఫ్లోరంతా మావైపే చూసింది. చూస్తే చూడనీ!

పదకొండో పేరు పక్కన ఏమీ రాసి లేదు.

"ఈమెకేం రాయనే?"

"ఏం రాయకు అక్కా. ఉన్నది కద, ఉండనియ్."

తెర మళ్ళీ అడిగింది. వేరే మనిషి అని నొక్కాను.