దానిమ్మచెట్టూ, పిగిలిపిట్టలూ, మా అత్తమ్మ చీమలూ

మొన్న మా మనవరాలు వంటగట్టు మీద చీమలమందు సుద్దతో ఒక గీత గీసి, చేతులు కడుక్కుని, చక్కా వెళ్ళి టీవీ ముందు కూర్చుంది. ఆ పనికే పంతొమ్మిదివందల యాభైల చివర్లో తాండూరులోని మా అత్తగారింట్లో ఎంత రభస జరిగిందో గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

మాది కందుల వ్యాపారం. శనివారం చీమలకు బెల్లం కలిపిన పిండి వేయనిదే అత్తమ్మ నోట్లో మెతుకు పెట్టేది కాదు. పెరట్లో దానిమ్మచెట్టు మొదట్లో వేసేది. ఎప్పుడూ వచ్చే నల్లచీమలతో ఎవరికీ పేచీ లేదు గానీ, ఆ ఏడు ఏ ఊరి గోనెసంచుల్లో దిగాయో, కుడితే మంటెత్తే ఎర్రచీమలు వచ్చి, వాటిని తరిమేసి, పిండి తిని, అటునుంచటే చెట్టెక్కసాగాయి. పైన పిగిలిపిట్టల గూడు, అందులో కళ్ళు తెరవని పిల్లలు మూడు. తల్లీతండ్రీ కొమ్మకొమ్మకూ ఎగురుతూ అరుస్తుంటే, కొత్తకోడలిని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

మా ఆయన కొట్లోంచి బస్తాలకు చల్లే డి.డి.టి. పొడి తెచ్చారు. నా వయసువాళ్ళకు తెలుసు, అప్పట్లో అన్నింటికీ అదే మందు. అత్తమ్మ అడ్డం నిలబడింది, పిలిచి పిండి పెట్టినవాటికి విషం పెడతారా అని. కందిపురుగులకు చల్లినప్పుడు ఈ పాపం ఎటు పోయిందని ఆయన అడిగితే, అది బేరం, ఇది పుణ్యం అంది! వ్యాపారస్తుల ఇళ్ళల్లో న్యాయాలు అలాగే ఉంటాయి.

అంతలో ఒక పిల్ల గూట్లోంచి జారి, ఒళ్ళంతా చీమలతో ఆమె కాళ్ళ దగ్గరే పడింది. చేతిలోకి తీసుకుని దులిపింది గానీ అది బతకలేదు. దాన్ని చెట్టు మొదట్లో పడుకోబెట్టి, అత్తమ్మ మా ఆయన వైపు తిరిగింది.

"గీ పాపమేదో నాకే తగలనియ్యి. జల్ది కానియ్యుండ్రి," అంది.

గూటి మీద చల్లితే పిల్లలకే ముప్పని, పాత ధోవతి పేలికకు ఆముదంలో కలిపిన పొడి పూసి కాండం చుట్టూ కట్టాం. గోడకు తగిలే కొమ్మలు కొట్టేసి, గూట్లో చేరిన చీమలను ఆయన బల్లెక్కి కోడీకతో దులిపారు. అత్తమ్మ పిండి వేసే చోటు పెరటి అవతలి మూలకు మారింది. మిగిలిన రెండు పిల్లలూ రెక్కలొచ్చి ఎగిరిపోయిన పొద్దున ఆమె వంటింట్లోకి పరుగున వచ్చి, "పోయినయే బిడ్డా, రెండూ పోయినయి!" అంది. అంతవరకూ నన్ను బిడ్డా అని పిలవలేదు.

ఆ పొడి పిట్టలకే చేటని తర్వాతెప్పుడో పేపర్లో చదివి గతుక్కుమన్నాను. ఇప్పుడు దాన్ని ఇళ్ళల్లో వాడరు, అది మంచిదే. పిగిలిపిట్టలు ఇంకా ఎక్కడో గూడు కడుతూనే ఉన్నాయి, అదీ మంచిదే. చీమలను చంపడానికి మాత్రం ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఒక సుద్దగీత చాలు. ఒక చీమ కోసం ఇల్లంతా పోట్లాడుకున్న రోజులవి, నాకు ఆ పోట్లాటే మళ్ళీ వినాలనిపిస్తుంది.