ఆరు గ్లాసుల మీద పేరు

నా చిన్నప్పుడు పాకాలలో మా నాయనకు స్టీలు పాత్రల అంగడి ఉండేది. కొన్న పాత్ర మీద పేరు కొట్టించుకోవడం అప్పట్లో అందరికీ అలవాటు. నాయన ఒళ్లో గోనెపట్ట పరుచుకుని, చిన్న ఉలి, సుత్తి పట్టుకుని, చుక్క పక్కన చుక్క పెడుతూ అక్షరాలు కొట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు మాత్రం ఎవరొచ్చినా సరే, షట్టరు దించి ఇంటికొచ్చేవాడు. అమ్మ, తమ్ముడు, నేను, ఆయన నలుగురం కూర్చుంటేగాని ఆయనకు ముద్ద దిగదు. బేరాలు పోతాయని పక్క అంగడివాళ్లు నవ్వేవాళ్లు. ఆయనా వాళ్లతో పాటు నవ్వి వచ్చేసేవాడు.

సెలవు రోజుల్లో పేర్లు చీటీ మీద రాసిచ్చే పని నాది. నాయన నాలుగో తరగతిలోనే బడి మానేశాడు. గుణింతాలు, ఒత్తులు నన్నడిగేవాడు. మనవైపు 'చ'ను 'స' అంటారని, రాసేటప్పుడు దిద్దుకోవాలని మా పంతులమ్మ చెప్పింది. ఎవరైనా సంద్రమ్మ అంటే నేను చంద్రమ్మ అని రాసేదాన్ని. నాయన ఆ చీటీ చూసి మురిసిపోయేవాడు.

ఒకరోజు రైల్వే క్వార్టర్సు నుంచి ఒక అక్క వచ్చింది. తమిళనాడులోని కాట్పాడి వైపు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చిన మనిషి. తెలుగు మాట్లాడేది గాని చదవడం రాదు. ఆరు గ్లాసులు కొని, అందరిలా మొగుడి పేరు కాకుండా తన పేరే కొట్టమంది. సెల్వి అని చెప్పింది. ఇదీ దిద్దాల్సిందే అనుకుని నేను చెల్వి అని రాసిచ్చాను.

రెండోరోజు ఆమె గ్లాసులతో తిరిగొచ్చింది.

"ఏంనా, నా పేరు ఇట్లనా కొట్టేది? మా ఆడబిడ్డ సదివి ఒకటే నవ్వు. పొద్దున్నుంచి 'చెల్వీ, నీళ్లు తే' అంటా ఉండాది." నవ్వుతూనే మొదలుపెట్టింది గాని చివరకు గొంతు మారింది. "ఆ ఇంట్లో నా పేరుండే సామాను ఇదొకటే అన్నా."

నాయన నావైపు చూశాడు. తప్పనుకుని నేనే దిద్దినానని ఒప్పుకున్నాను. ఇక చీటీలు రాయనివ్వడని అనుకున్నాను. నాకు అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

"దిద్దేముందర అక్కనడిగినావా?"

లేదన్నాను.

"ఇప్పుడడుగు."

అడిగాను. ఆమె చెప్పింది. నన్నూ పలకమన్నాడు. నేను మూడుసార్లు పలికాక ఆమె "ఆ, అదీ" అంది. అప్పుడు నాయన పెన్సిలు ఆమెకిచ్చి, "నీకొచ్చే రాతలో నువ్వే రాయమ్మా" అన్నాడు. ఆమె కాసేపు సిగ్గుపడి, తమిళంలో రాసింది. నాయనకు తమిళం ఒక్క అక్షరం రాదు. బొమ్మను చూసి గీసినట్టు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, వంపు వంపుకూ అడుగుతూ కొత్త గ్లాసుల మీద కొట్టాడు. ఆరో గ్లాసు అయ్యేసరికి రెండున్నర. నాకు తెలిసి ఆయన అన్నానికి ఆలస్యమైంది ఆ ఒక్కరోజే.

కొట్టిన పేరు చెరగదు కనుక పాత గ్లాసులు మా ఇంటికొచ్చాయి. మజ్జిగ పోస్తూ అమ్మ "చెల్వి ఎవురు?" అనింది. "మన పాప పెట్టిన పేరులే, బాగానే ఉండాది" అన్నాడు నాయన. తమ్ముడు పొలమారేదాకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

తరువాతి ఆదివారం చీటీల కట్ట మళ్లీ నా ముందే పెట్టాడు. "పేరు వాళ్లది పాపా. మనం రాసేవాళ్లమే" అన్నాడు, అంతే.

తిరుపతిలో ఒక ఆసుపత్రి కౌంటరులో కూర్చుని నేను ముప్పై ఏళ్లు పేర్లు రాశాను. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నా, రాసిన ప్రతి పేరూ ఆ మనిషికి చదివి వినిపించాకే చీటీ ఇచ్చేదాన్ని.

పోయిన నెల నాయన పోయాడు. మరణ ధ్రువపత్రం కోసం వెళ్తే, అక్కడున్న అమ్మాయి నేను చెప్పిన పేరును కంప్యూటరులో కొట్టుకుంది. ఒకసారి చదవమ్మా అన్నాను. చదివింది. తప్పేమీ లేదు.

ఇంకోసారి చదవమన్నాను.