నోటుబుక్కులో ఎక్కిన లోడు

ఆ రోజుల్లో మా వైపు పనిరోజుల కంటే బంద్ రోజులే ఎక్కువనిపించేది. పొద్దున రైలు దొరికితే సాయంత్రం దొరకదు, రెండూ దొరికిన రోజు కరెంటు ఉండదు. అయినా ఎవరూ విసుక్కునేవారు కాదు, రాష్ట్రం రావాలి కదా అని సర్దుకునేవారు. చాలామంది ఆ రోజులను గొప్పగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ముందుగా సిగ్గే గుర్తొస్తుంది. తప్పు ఉద్యమానిది కాదు, నాది. మా ఆయనకు కూడా ఇందులో సగమే చెప్పాను. పాప నిద్రపోయింది కాబట్టి మిగతా సగం కూడా ఇక్కడ రాసేస్తాను.

జనగామలో కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, రోజూ మానుకోట నుంచి ప్యాసింజరు బండెక్కి కేసముద్రం దగ్గర ఒక జిన్నింగు మిల్లులో ఆపరేటరుగా పనిచేసేదాన్ని. పత్తిలోంచి గింజ తీసి, దూదిని పెద్ద పెద్ద బేళ్లుగా నొక్కి కట్టే మిల్లు అది. బేళ్లన్నీ కోయంబత్తూరు వైపు ఒక నూలు మిల్లుకు వెళ్లేవి. నేను చేరిన ఏడాదే వాళ్లు కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి బేలుకూ గీతల స్టిక్కరు అంటించాలి. గోదాంలో పెట్టినప్పుడు ఒకసారి, లారీ ఎక్కినప్పుడు ఒకసారి దానికి స్కానరు చూపించాలి. తర్వాత స్కానరును కంప్యూటరుకు తగిలిస్తే, కిటికీకి వేలాడదీసిన ఇంటర్నెట్ డాంగిలు దయతలచినప్పుడు ఆ సమాచారమంతా వాళ్ల తెర మీద పడుతుంది. అంతకుముందు వాళ్లు నెలకు సరిపడా దూది నిల్వ పెట్టుకునేవారట. ఇప్పుడు మా గోదాం వాళ్ల కళ్ల ముందున్నట్టే కనబడుతోంది కాబట్టి మూడు నాలుగు రోజుల సరుకుతోనే మిషన్లు నడిపించేవారు. అంటే అక్కడెక్కడో మిషన్ తిరగాలంటే ఇక్కడ నేను నిజం చెప్పాలి. నేర్పించడానికి వచ్చినాయన ఆ ముక్క చెప్పినప్పుడు చాలా గంభీరంగా తల ఊపాను. (అర్థమయ్యి కాదు, ఆకలేసి.)

లోడింగు జరుగుతున్నప్పుడు ఎండలో లారీ పక్కన నిలబడి ఒక్కో బేలుకూ స్కానరు చూపించడం నాలుగు రోజుల్లోనే నాకు విసుగు పుట్టించింది. జుట్టు నిండా దూది, ముక్కు నిండా దూది. రైల్లో పక్కనామె "ఏమ్మా, పరుపులు కుడతవా?" అని అడిగింది. డిగ్రీ చదివిన పిల్లనని ఎంత చిన్నబోయానో! మరునాటి నుంచి ప్రతి స్టిక్కరూ రెండేసి అచ్చు వేశాను. ఒకటి బేలుకు, ఒకటి నా పొడుగు నోటుబుక్కుకు. లారీ వచ్చిందంటే ఫ్యాను కింద కూర్చుని పేజీలు తిప్పుతూ టింగ్, టింగ్, టింగ్. నూరు బేళ్లు పది నిమిషాల్లో ఎక్కించేదాన్ని. కొత్త పుస్తకం కదా అని మొదటి పేజీకి పసుపు కుంకుమ బొట్లు కూడా పెట్టాను. మా సేటు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి "మా పిల్ల చెయ్యి మిషన్ కంటె తేజ్" అనేవాడు. నేను వినయంగా తల దించుకునేదాన్ని.

లోడింగు చేసే హమాలీలకు పెద్ద మేస్త్రి బాపు. దగ్గరి తండా ఆయన. తన మనుషులతో లంబాడీలో, మాతో తెలుగులో మాట్లాడేవాడు. ఆయన లెక్క ఆయనది. పది బేళ్లు లారీ ఎక్కితే తువ్వాలుకు ఒక ముడి. నూరైతే పది ముళ్లు. సరుకు చేరిందని కబురొచ్చేదాకా ఆ ముళ్లు విప్పడు. ఆ తువ్వాలును చూసి నేను నవ్వుకునేదాన్ని.

ఒకరోజు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం అప్పట్లో మా నిరసన. నేనూ పోవాలి. అందుకే పొద్దున్నే, లారీ సగం కూడా నిండకముందే, నోటుబుక్కులో నూరు బేళ్లూ ఎక్కించేసి, నూరుకు కాగితం తీసి డ్రైవరు చేతిలో పెట్టి పరిగెత్తాను. కాసేపటికి రోడ్డు మూసేస్తున్నారని మైకులో చెప్పారు. డ్రైవరు దొరికిన లోడుతోనే బండి ఉరికించాడు. ఆ తర్వాత హమాలీలూ వంటావార్పుకే వచ్చారు. నేను గంటె పట్టుకుని పులిహోర కలుపుతుంటే మేస్త్రి బాపు దగ్గరికి వచ్చి అరిచాడు.

"బిడ్డా, అరవయ్యే పోయినయ్. నలభై గోదాంలనే ఉన్నయ్, రాస్కో!"

"సరే బాపూ" అన్నాను. నోటినిండా పులిహోర. రేపు సరిచేద్దామనుకున్నాను. ఆ రేపు బంద్, ఆ మర్నాడూ బంద్, ఆ తర్వాత రోజు నేను మరిచిపోయాను.

నూలు మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. అరవయ్యే దిగాయి, తెరమీద నూరు చూసి వేరే సరుకు తెప్పించుకోలేదు, మిషన్లు ఆగిపోయాయి, మిగతా నలభై ఏమయ్యాయి? సేటు ముఖం ఎర్రబడింది. డ్రైవరును అడిగితే, "నేను లెక్కపెట్టలే, కాయితం ఇచ్చిండ్రు, పోయిన" అన్నాడు. ఇక మిగిలింది మేస్త్రి బాపు.

"అరవయ్యే ఎక్కిచ్చిన సేటూ. గిదో, ఆరు ముళ్లు" అని తువ్వాలు చూపించాడు.

"కంప్యూటర్ల నూరున్నయ్. తువ్వాలును నమ్మాల్నా, కంప్యూటర్‌ను నమ్మాల్నా? నలభై యాడ అమ్ముకున్నవ్?"

అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో. చెప్పడానికి ఒక్క మాట చాలు. సేటు "మా పిల్ల లెక్క తప్పదు" అని నా వైపు చెయ్యి చూపించాడు. బాపు కూడా నా వైపు చూశాడు. నేను కీబోర్డు తుడిచాను. మూడు రోజులు తుడిచాను. (అంత శుభ్రమైన కీబోర్డు మా జిల్లాలో ఇంకెక్కడా ఉండి ఉండదు.) ఆ మూడు రోజులూ ఆయన్నీ, తండా నుంచి ఆయన వెంట వచ్చిన పన్నెండు మందినీ పనిలోకి రానివ్వలేదు. సీజను మధ్యలో వేరే మిల్లులో పని దొరకదు. పైగా దొంగ అన్న పేరు వాళ్లకంటే ముందే అక్కడికి చేరుతుంది.

నాలుగో రోజు బాపు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "గోదాం మొత్తం తీద్దాం సేటూ. కూలి వద్దు. దొరికితే దొరుకుతయ్, లేకుంటె మేమే పోతం." పైకప్పు దాకా పేర్చిన బేళ్లను ఒక్కొక్కటే దించారు. స్కానరు నా చేతిలో. గోదాంలో ఉండాల్సిన బేలైతే టింగ్, లెక్క ప్రకారం ఎప్పుడో వెళ్లిపోయినదైతే బర్ర్. మధ్యాహ్నం దాకా టింగ్‌లే. వెనక వరుసకు చేరాక బర్ర్ మంది. "మిషన్ ఖరాబైందా ఏంది?" అన్నాడు సేటు. ఇంకో బర్ర్. మళ్లీ బర్ర్. ఐదో బర్ర్‌కు సేటు మిషన్ను వదిలేసి నన్ను చూశాడు.

"లారీ ఎక్కినయి ఈడెట్లున్నయ్ పిల్లా?"

వెళ్లి నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. పసుపు కుంకుమల పేజీ తిప్పాడు. తర్వాతి పేజీల్లో వరుసగా, వంకర లేకుండా అంటించిన స్టిక్కర్లు. ఒక కుర్ర హమాలీ పకపకా నవ్వాడు: "అక్కా, లారీ గిండ్లనే నడిపినవా?" అందరూ నవ్వారు. సేటు మాత్రం బాపు వైపు చూడకుండానే "సరె తియ్, రేపటి సంది రాండ్రి" అని లోపలికి వెళ్లిపోయాడు. నలభై బేళ్లూ లెక్క తేలాయి.

సాయంత్రం నీళ్ల డ్రమ్ము దగ్గర బాపును ఆపాను. "తప్పయింది బాపూ."

"తప్పు సంగతి ఇడిసిపెట్టు. అరవై అని నీకు చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్."

"ఇన్నవా?"

"ఇన్న."

"మరి మూడొద్దులు నన్ను దొంగ అంటుంటె నోరెందుకు లేవలె బిడ్డా? గంత సదివినవ్."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మొహం కడుక్కుంటూ, "ఏడ్వకు. రేపటి సంది నా ఎంబడి లారీ కాడ నిలబడు" అన్నాడు. సీజను ముగిసేదాకా నిలబడ్డాను. ప్రతి పదో బేలుకూ ఆయన "ఎన్నాయె?" అని అరవడం, నేను అందరి ముందూ గట్టిగా చెప్పడం. రైల్లో ఎవరైనా పరుపుల సంగతి అడిగితే "అవునమ్మా" అనేసేదాన్ని.

ఇప్పుడు మా పాప బడి బస్సు ఎక్కగానే మెడలోని కార్డు మిషన్‌కు తగిలిస్తారు. 'మీ పాప బస్సెక్కింది' అని నా ఫోనుకు మెసేజ్ వస్తుంది. వచ్చిన మరుక్షణం బస్సు ఆయాకు ఫోన్ చేస్తాను. "నిజంగ ఎక్కిందా? నీ కండ్లతోని చూసినవా అక్కా?" ఆయమ్మ రోజూ విసుక్కుంటుంది: "ఎక్కింది మేడమ్, నా పక్కనే కూసుంది, మీకు మామీద గింత నమ్మకం లేదా?" నమ్మకం లేనిది ఆమె మీద కాదు. ఫ్యాను కింద కూర్చుని చకచకా టింగుమనిపిస్తున్న ఒక పిల్ల మీద. ఆ పిల్ల ఎంత తేజో నాకు తెలుసు. ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే నవ్వుకుంటాను, మర్నాడు మళ్లీ ఫోన్ చేస్తాను.