నా బల్ల మీద లంగరేసిన ఓడ

మా ఆయన ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో కూర్చున్న నెలకే టైటానిక్‌ను తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఫోన్‌లో చూసి తెప్పించుకున్న చెక్క నమూనా అది. ఓడ అంటే తయారైన ఓడ కాదు, డబ్బా నిండా పలచటి చెక్కముక్కలు, పుల్లలు, దారపు ఉండలు. జిగురు పెట్టి మనమే అతికించుకోవాలి. లోకంలో ఇన్ని ఓడలుండగా మొదటి ప్రయాణంలోనే మునిగినదాన్ని ఏరికోరి తెచ్చుకున్న మనిషిని ఏమనాలి?

"అది ఉత్త ఓడ గాదే, చరిత్ర," అన్నాడు.

కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళూ లోహం కరిగించి వచ్చిన మనిషికి చరిత్ర మీద ఇంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన చూసిన సముద్రమల్లా వానాకాలంలో మా గల్లీలో నిలిచే నీళ్ళే.

గౌలిపురలో మాది రెండు గదుల ఇల్లు. ఇంట్లో పెద్ద బల్ల ఒక్కటే, అది నాది. జాకెట్లు కుట్టిన సంపాదనతో చేయించుకున్న టేకు బల్ల. నిలబడి బట్ట కత్తిరించడానికి నా నడుము ఎత్తు కొలిచి మరీ చేయించాను. దాన్ని "పది దినాలు ఇయ్యే" అని తీసుకున్నాడు. ఆషాఢంలో పోయిన బల్ల బతుకమ్మ పండుగ వచ్చినా తిరిగి రాలేదు.

చెక్కపొడి బియ్యం డబ్బాలోకి చేరింది. జిగురు కంపుకు అన్నం సహించేది కాదు. తిన్న కంచం ఏనాడూ తీయని మహానుభావుడు ఆ ఓడ పొగగొట్టాలను మాత్రం గంటలకొద్దీ గరుకు కాగితంతో రుద్దేవాడు. ముక్కలు ఎగిరిపోతాయని ఫ్యాన్ కూడా బంద్ చేయించాడు. నేను చెమటలు కక్కుతూ నేల మీద కూర్చుని పండుగ జాకెట్లన్నీ కత్తిరించాను. మోకాళ్ళు పట్టేసేవి. వంగి కత్తిరిస్తే గీత నిలవదు, ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె జాకెట్‌కు చంక దగ్గర తేడా వచ్చింది. ఏళ్ళ తరబడి నా దగ్గరే కుట్టించుకున్న మనిషి.

"నీ చేతికేమైందక్కా?" అని అడిగింది. నా చేతికేమీ కాలేదని చెప్పాను గానీ ఆమె మళ్ళీ రాలేదు. బల్ల ఖాళీ చేయమని ఇంట్లో లొల్లి పెట్టాను.

"గిప్పుడు కదిలిస్తే జిగురు ఊడుతది, జర ఆగు," అన్నాడు ఓడ మీంచి తల ఎత్తకుండానే.

చివరికి దారాలు మిగిలాయి. స్తంభాల నుంచి కింది దాకా సన్నటి తాళ్ళు బిగించి కట్టాలి. కొలిమి దగ్గర మొద్దుబారిన వేళ్ళాయె, వేసిన ముడల్లా జారిపోయింది. దారంతో కుస్తీ పట్టి పట్టి ఒకరోజు నా మిషన్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"జర నువ్వు కట్టియ్యరాదే."

"కట్టిస్త. దసరా నాటికి నా బల్ల నాకు గావాలె."

"ఇస్త. ఓడను అల్మారా మీద పెట్టుకుంట, ఒట్టు."

నమ్మాను. దారాన్ని మైనం మీద లాగి, ఒక్క ముడి కూడా వదులు కాకుండా కట్టిచ్చాను.

దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ కౌగిలి తీసుకోవడానికి ఆయన ఫ్యాక్టరీ దోస్తులు ఇద్దరు వచ్చారు. ఓడ ఇంకా నా బల్ల మీదే ఉంది, పైగా మెడలో బంతిపూల దండ. ఒకాయన వంగి చూశాడు.

"హునర్ అంటే గిదన్నా. గీ దారాలు జూడు, ఎంత సాఫ్‌గున్నయ్. నీ చేతుల గింత పనితనం ఉన్నదని ఎన్నడు చెప్పకపోతివి."

చాయ్ కప్పులతో నేను అక్కడే నిలబడి ఉన్నాను. మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు.

"ఓపిక గావాలె భాయ్. దారాలే మస్తు కష్టమైనయ్," అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "అద్దాల పెట్టెకు ఆర్డర్ ఇచ్చిన. గీ బల్లకే బిగిస్త. ఇగ కదిలించే ఫికరే లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చాయ్ కప్పులు వాళ్ళ ముందు పెట్టాను. వాళ్ళను సాగనంపడానికి ఆయన గల్లీ చివరికి వెళ్ళగానే ఆయుధపూజలో పెట్టిన నా కత్తెర తీసుకుని ఓడ తాడుకు పెట్టి నొక్కాను. తెగలేదు. నమిలి వదిలేసింది. అంచు తడిమి చూస్తే గరగరలాడింది, గరుకు కాగితం పొడి వేలికంటింది. సద్దుల బతుకమ్మతో కుట్లు ముగించి నేను కత్తెర పక్కన పెడితే, ఆ కాస్త వ్యవధిలో దాంతోనే గరుకు కాగితం కత్తిరించాడు. బట్ట కోసే కత్తెరను నేను మామూలు కాగితానికి కూడా తాకనివ్వను. ఆ సంగతి ఆయనకు తెలియంది కాదు.

అయినా కత్తెర ఎందుకు? ముడులు వేసింది నేనే, ఏ కొస లాగితే ఏది వదులవుతుందో నాకు తెలుసు. ఒక్కొక్కటే విప్పాను. ఓడను ఎత్తి అల్మారా మీద పెట్టి, బల్ల తుడిచి, బట్ట పరిచాను.

ఆయన తిరిగొచ్చి పైకీ కిందికీ చూశాడు. "దారాలేమైనయే?"

"నీ చేతుల హునర్ ఉన్నది గద, కట్టుకో," అని దారపు ఉండ ఆయన చేతిలో పెట్టి, నేను సుద్దముక్క అందుకున్నాను.

అద్దాల పెట్టె వచ్చింది, అల్మారా మీదికే ఎక్కింది. అందులో ఓడ తాళ్ళు లేకుండానే ఉంది. ఎవరైనా అడిగితే, "దారాల పని ఒక్కటి మిగిలింది," అంటాడు. ఎవరు చేయాలో మాత్రం చెప్పడు.