సౌండ్ లేని ఫైటింగ్ సినిమా

కాలనీ దోస్తులారా, క్రిస్మస్ అనగానే టీవీలో వచ్చే ఆ ఇంగ్లిష్ ఫైటింగ్ సినిమా గుర్తుందా? ఇవాళ మళ్లీ వేశారు. ఎన్నిసార్లు చూసినా కదలనివ్వదు.

చిన్నప్పుడు మా ఇంట్లో అది మూగ సినిమా. రాత్రంతా కరెంటు ప్లాంటులో టర్బైన్ల మోతలో డ్యూటీ చేసి వచ్చిన నాన్న, టీవీ పక్కనే ముసుగుతన్ని పడుకునేవాడు.

"సౌండ్ బంద్ చెయ్యిండ్రి, మీ నాయిన పండుకున్నడు" అనేది అమ్మ.

క్రిస్మస్ చెట్టు పక్కన తుపాకులు పేలుతుంటే, ఆ "ఢాం ఢాం"లు మేమే గుసగుసగా అనుకునేవాళ్లం. నాన్న నిద్రను లోలోపల తిట్టుకునేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఇవాళ నా పక్కనే కూర్చున్న నాన్న తెర వైపు చెవి పెట్టి వంగి, "జర సౌండ్ పెట్టుకో బిడ్డా, నాకిప్పుడు నైట్ డ్యూటీ ఏడుంది?" అన్నాడు.

రిమోట్ నొక్కాను. సౌండ్ అప్పటికే ఫుల్‌గా, ఆఖరి గీత మీద ఉంది.