మంచం పక్క కిటికీ

మా తమ్ముడు పెరుమాళ్‌కి మా నాయన ఇచ్చిన ఆస్తి మొండితనం ఒక్కటే. నటేశన్ నగర్‌లో మా ఇంటి పక్క ఖాళీ జాగాలో పాత ఇల్లుబండి ఒకటి నిలబెట్టుకోనుండాడు. లోపలే మంచం, పొయ్యి, చుట్టూ కిటికీలు. ఎవరో తెల్లాయన అమ్మేసి పోయిన బండి అది. వాడూ, వాడి పెండ్లాం భాగ్యమూ మా ఇంట్లోనే ఉంటా, బస్సులకి అద్దాలు బిగించే పని చేసేవాళ్ళు. పోయిన వానల్లో భాగ్యం జ్వరమొచ్చి పోయింది. అప్పట్నించి వీడు ఇల్లొదిలి బండిలోనే పడుకుంటా ఉండాడు.

బండి కిటికీల రబ్బర్లన్నీ ఎండి పగిలిపోయినాయి. చినుకు పడితే నీళ్ళు మంచం మీదికే. వాడికా, ముందే ఆయాసం. "తేమ తగిలితే మనిషి దక్కడు" అని డాక్టరమ్మ నా మొగం మీదే చెప్పింది. నాకు కడుపు మండిపోయింది. "ఒరే, ఇంట్లోకన్నా రా, రబ్బర్లన్నా మార్చి చావు!" అని అరిచినా.

మార్చినాడు. అదే నాకు వింత. అది ఒంటి మనిషి చేసే పని కాదు. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో సన్న తాడు పెట్టి, కొసలు బండి లోపలికి వదలాల. బయట ఒకరు అద్దాన్ని అదిమితే, లోపల ఒకరు తాడు లాగాల. అప్పుడే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కుతాది. బయట ఎప్పుడూ వీడు, లోపల భాగ్యం. వీడు "లాగు" అంటే, ఆ మహాతల్లి అద్దం మీద టక్‌టక్‌మని కొట్టి లాగేది.

"లోపల ఎవుర్రా లాగింది?" అన్నా.

"నువ్వడగొద్దక్కా."

మంచం పక్క కిటికీకి మాత్రం అద్దం బిగించకుండా గోనెపట్ట కట్టి పెట్టినాడు. ఏందిరా ఇది అంటే, "ఇది కూడా బిగిస్తే పని అయిపోతాదక్కా. పని అయిపోతే ఆమె రాదు" అన్నాడు.

ఇంతలో తుఫానన్నారు. సముద్రం ఒడ్డున పిళ్ళైచావడిలో పడవలన్నీ పైకి లాగేసినారంట. ఆ మధ్యాన్నం వాడు సూదేయించుకోని మా ఇంట్లో మత్తుగా పడుంటే, నేనే పోయినా. బండికి తాళం వేసుంది, తాళంచెవి నా కొంగునే ఉంది. చూసి చూసి నేర్చిన పనే. గోనెపట్ట పీకి, రబ్బరుకి సబ్బునీళ్ళు పూసి, తాడు పెట్టి, కొసలు లోపలికి వదిలి, అద్దం ఎత్తి అదిమినా.

"లాగు" అన్నా.

టక్‌టక్.

తాడు కదిలింది. కింద, పక్కన, పైన, అద్దం ఒదిగి కూర్చుంటా ఉండేది నా అరచేతులకి తెలుస్తా ఉంది. అద్దంలో నా మొగం తప్ప ఇంకేమీ కనపడలేదు. చివరి మూలకొచ్చి తాడు ఆగిపోయింది. మళ్ళీ "లాగు" అంటే ఉలుకూ పలుకూ లేదు. నా చేతుల కింద అద్దం వెచ్చబడింది, అవతల నుంచి ఎవరో అరచేతులు ఆనించినట్టు.

భయం పోయి ఏడుపొచ్చేసింది. "భాగ్యం, నీకు వాడి పక్కన పని కావాల. తెలుసునమ్మా. నాకు వాడు బతకాల. లాగు తల్లీ."

శానా సేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక్కటే లాగు. మూల కూర్చునింది. అద్దం చల్లబడిపోయింది.

తిరిగి చూస్తే నా వెనకే పెరుమాళ్, దుప్పటి కప్పుకోని. నా కొంగున ఉండే తాళంచెవి తీసుకోని తలుపు తెరిచినాడు. లోపల ఎవరూ లేరు. మంచం మీద తాడు, భాగ్యం చుట్టినట్టే నీటుగా ఉండ చుట్టి ఉంది. వాన దంచడం మొదలుపెట్టింది. వాడు లోపలికెక్కి అద్దం మీద టక్‌టక్‌మని తట్టి, చెవి ఆనించి నిలబడినాడు. మళ్ళీ తట్టినాడు. ఒక్క చుక్క కూడా లోపలికి రాలేదు.

"ఇంటికి పోదాం పదక్కా" అన్నాడు.